నలుగురూ ఒకే అట్టలో

అది నవంబరు పదకొండో తేదీ. ఆ పొద్దున బైండరు తిన్నవి రెండు రొట్టెముక్కలు, ఒక ఉడికించిన గుడ్డు, సగం అరటిపండు. ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలమంటే, మిగతా సగం అరటిపండు ఎక్కడ పెట్టాడో అతనికి రెండు గంటలకు పైగా గుర్తు రాలేదు. గుర్తొచ్చిన చోటు మాత్రం జన్మలో మర్చిపోయేది కాదు.

ఆ రోజు చేయాల్సిన పని చాలా తేలిక. సాయంత్రం ఆరింటికి విమానం. రెండింటికల్లా ఇంట్లోంచి బయల్దేరాలి. నాలుగు రోజులు పరాయి దేశంలో ఒక పెద్ద నగరం, ఆ తర్వాత ఐదు రోజులు అక్కడి సముద్రతీరం. వెళ్ళేది నలుగురు: బైండరు, అతని కూతురు, అల్లుడు, వదిన. కూతురు పెద్దాసుపత్రిలో నర్సు. నాలుగేళ్ళుగా సెలవు అడుగుతోంది. రెండుసార్లు ఇచ్చినట్టే ఇచ్చి లాక్కున్నారు. అల్లుడు బస్సు డిపోలో టైంకీపరు. ఆమె రాత్రి డ్యూటీ దిగేసరికి ఇతను పగటి డ్యూటీ ఎక్కుతాడు. మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకునేది ఎక్కువగా ఫ్రిజ్ తలుపు మీద అంటించిన చీటీలతోనే. ఇన్నాళ్ళకు ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికింది. ఇది చేజారితే మళ్ళీ ఎన్నేళ్ళకో. ఆ సంగతి బైండరుకు అందరికంటే బాగా తెలుసు. అందుకే పదిహేను రోజులుగా కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతున్నాడు.

ఇంటి ముందుగదే అతని షాపు. భార్య పోయి ఆరేళ్ళయింది. ఆమె అక్క అదే వీధి చివర ఉంటూ, మరిదికి రోజూ ఒక పూట వంట, మూడు పూటలా సలహా అందిస్తూ వస్తోంది. ప్రయాణం ఖాయమైన నాటి నుంచి ఆవిడ చేతిలో ఒక నోటుపుస్తకం మొలిచింది. కనబడిన ప్రతివాళ్ళనీ ఆపి, విదేశం వెళ్తే ఏమేం జాగ్రత్తలు పడాలో అడగడం, వాళ్ళు చెప్పింది నంబరు వేసి రాసుకోవడం.

వాళ్ళందరిలోకీ గొప్పవాడు ఎదురింటి కళ్ళద్దాల షాపాయన. ఎప్పుడో ఒక వారం విదేశం వెళ్ళొచ్చి, ఆ వారం మీదే పదకొండేళ్ళుగా బతుకుతున్నాడు. వీధిలో అతని పేరు ఫారినాయన. ఒకరోజు ఏదో పాత క్యాటలాగు బైండింగుకిచ్చే నెపంతో వచ్చి ముక్కాలిపీట మీద సెటిలయ్యాడు.

"కొత్త నగరంలో మొదటిరోజు ఏమీ చూడకూడదమ్మా. ఊరికే నడవాలి. ఆకలేస్తే, లోకల్ వాళ్ళు క్యూ కట్టిన చోట దూరిపోవాలి. బోర్డు మీద బొమ్మలున్న హోటలుకి మాత్రం పోవద్దు."

"ఉండండుండండి. ఇరవై తొమ్మిది... బొమ్మలున్న... హోటలు వద్దు," అని వదిన రాసుకుంది.

"సముద్రం దగ్గర దీనికి రివర్స్. లోకల్ వాళ్ళు దిగని చోట మనం దిగకూడదు. క్రీము వీపుకే కాదు, చెవులక్కూడా రాయాలి. నా చెవులు రెండూ మూడోరోజుకి అప్పడాల్లా అయిపోయాయి. ఒక్కొక్కరి పెట్టెలో సగం బట్టలు తమవి, సగం ఇంకొకరివి ఉండాలి. పెట్టె పోతే సగం నష్టమే. ఇంకోటి, ఫోటోలో మీసం లేకపోతే మొహాన కూడా మీసం ఉండకూడదు."

బైండరు తన మీసం తడుముకున్నాడు. పాస్‌పోర్టు ఫోటోలో అది లేదు.

"అన్నిటికంటే ముఖ్యమైనది చెప్తున్నా," అని ఫారినాయన గొంతు తగ్గించాడు. "పాస్‌పోర్టులు తలోచోటా ఉండకూడదు. మేం నలుగురం వెళ్ళాం. ఒకటి దిండుకింద, ఒకటి టాక్సీలో, ఒకటి బాత్రూములో. నరకం అనుకోండి. నాలుగూ ఒక్కచోట, ఒక్క బాధ్యతగల మనిషి చేతిలో, ఊడిపోకుండా ఉండాలి."

ఇదే మాట ఇంకెవరైనా వింటే ఒక ప్లాస్టిక్ సంచి కొనుక్కుంటారు. విన్నవాడు నలభై రెండేళ్ళుగా పుస్తకాలు కడుతున్న మనిషి. "ఒక్కచోట", "ఊడిపోకుండా" అనే రెండు మాటలు కలిపి వింటే అతని చేతివేళ్ళు వాటంతటవే కదులుతాయి.

కూతురు నాలుగు పాస్‌పోర్టులూ భద్రంగా దాచమని అప్పటికే తండ్రికి ఇచ్చింది. బైండరు వాటిని దీపం కింద పెట్టి చూశాడు. ఇంత ముఖ్యమైన పుస్తకానికి ఇంత పలచని వెన్నా అని మనసు చివుక్కుమంది. మూడు రాత్రులు కూర్చుని పని పూర్తి చేశాడు. దేనికీ కొత్తగా ఒక్క రంధ్రం కూడా పొడవలేదు. ఉన్న కుట్టు కిందనుంచే సన్నదారం పోనిచ్చి, నాలుగింటినీ ఒకదాని వెనుక ఒకటి కూర్చి, మొదట్లోనూ చివర్లోనూ తెల్ల కాగితాలు చేర్చి, గట్టి అట్ట వేసి, కాలేజీ లైబ్రరీ పని కోసం తెచ్చిన ఆకుపచ్చ గుడ్డలో మిగిలిన ముక్కతో పైతొడుగు వేశాడు. వరసలో నిజానికి వదిన పెద్దది. కానీ పుస్తకం మొదట్లో ఇంటి యజమాని ఉంటే నిండుగా ఉంటుందని తనది ముందు పెట్టుకున్నాడు. వెన్ను మీద బంగారు అక్షరాలతో "కుటుంబం, సంపుటి 1" అని అచ్చు కొట్టాడు. ప్రయాణం రోజు పొద్దున కూతురి చేతిలో పెట్టి ఆశ్చర్యపరచాలని అతని కోరిక.

ఆ పొద్దున తొమ్మిదింటికి, సగం అరటిపండుతో షాపులోకి వెళ్ళి, పుస్తకాన్ని బిగించి ఉంచిన ప్రెస్సు మర తిప్పాడు. పలకల మధ్య నుంచి ఆకుపచ్చ పుస్తకం బయటికొచ్చింది. వెన్ను మీద "రసాయన శాస్త్ర పత్రిక, సంపుటి 14" అని ఉంది.

బైండరు కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాడు. రసాయన శాస్త్రమే.

"వదినా!" అన్న కేకకు వంటగదిలోంచి ఆవిడ గరిటెతో సహా వచ్చింది. "నిన్న సాయంత్రం లైబ్రరీ అటెండరు వచ్చినప్పుడు పుస్తకాలు ఎవరిచ్చారు?"

"నేనే. నువ్వు మీసం తీయించుకోడానికి పోయావుగా! నలభై రెండు ఇవ్వమని చెప్పి పోయావు. లెక్కేస్తే నలభై ఒకటే ఉన్నాయి. ఈ చెక్కల మధ్య చూస్తే ఇంకో రెండున్నాయి. పైది తీసి ఇచ్చా. లెక్క సరిపోయింది. ఏం?"

"ఆ పైదాంట్లో మనం ఉన్నాం వదినా."

"మనం ఉండడమేమిటి?"

అతను చెప్పాడు. వినేసరికి గరిటె ఆవిడ చేతిలోంచి జిగురు డబ్బాలోకి జారింది.

సరిగ్గా అప్పుడే రాత్రి డ్యూటీ దిగిన కూతురూ, రెండు పెట్టెలు ఈడ్చుకుంటూ అల్లుడూ గుమ్మంలోకి వచ్చారు. కూతురి కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. నిలబడే నిద్రపోయే గుర్రంలా ఉంది ఆమె వాలకం.

"నాన్నా, పాస్‌పోర్టులు?"

"భద్రంగా ఉన్నాయమ్మా," అన్నాడు బైండరు. ఆ క్షణానికి అది అబద్ధం కాదు. కాలేజీ లైబ్రరీ కంటే భద్రమైన చోటు ఆ ఊళ్ళో లేదు. "నువ్వు కాసేపు పడుకో. లైబ్రరీలో ఒక చిన్న పనుంది, ఇట్టే వచ్చేస్తా."

"ఇవాళ లైబ్రరీ పనేంటి మామయ్యా?" అన్నాడు అల్లుడు గడియారం చూసి. "బయల్దేరడానికి నాలుగు గంటల నలభై రెండు నిమిషాలే ఉంది."

"నేనూ పోతున్నా. ప్రయాణం రోజున ఎవరూ ఒంటరిగా బయటికి పోకూడదు, అరవై ఆరో నంబరు," అని వదిన చెప్పులేసుకుంది. అప్పటికే కూతురు సోఫాలో, బూట్లయినా విప్పకుండా, పడిన భంగిమలోనే నిద్రపోయింది. అల్లుడు వంగి ఆమె బూట్ల తాళ్ళు విప్పుతుండటం బైండరు కిటికీలోంచి చూశాడు. ఆ చూపుతో అతని నడక పరుగైంది.

ఆ లైబ్రరీ చరిత్రలో బైండింగు నుంచి వచ్చిన పుస్తకం అల్మరాకెక్కడానికి తక్కువలో తక్కువ మూడు నెలలు పడుతుంది. ఆ ధైర్యంతోనే ఇద్దరూ లోపలికి వెళ్ళారు. కానీ మర్నాడే పైనుంచి తనిఖీ రాబోతోందట. లైబ్రేరియను నిన్న సాయంత్రమే అటెండర్ని కూర్చోబెట్టి నలభై రెండు పుస్తకాలకూ ముద్రలు కొట్టించి, నంబర్లు వేయించి, రిజిస్టరులో ఎక్కించి, అల్మరాల్లో పెట్టించేశాడు. జీవితంలో మొదటిసారి పని సమయానికి చేసినవాడి వెలుగు అతని మొహంలో ఉంది.

రసాయన శాస్త్రం అల్మరాలో పుస్తకం లేదు. పత్రికల్లో లేదు. అటెండరు గడ్డం గోక్కుని, "నాలుగు ఫోటోలున్నదా? పుట్టిన తేదీలూ, అమ్మా నాన్నల పేర్లూ? జీవితచరిత్రల్లో పెట్టానండీ," అన్నాడు.

జీవితచరిత్రల దగ్గర ఆ పుస్తకం ఉండాల్సిన చోట ఖాళీ ఉంది. కిటికీ పక్క బల్ల దగ్గర, రోజూ పత్రికలు చదవడానికి వచ్చే పెన్షనరు ఒకాయన దాన్ని ముందేసుకుని నింపాదిగా పేజీలు తిప్పుతున్నాడు.

"అయ్యా, అది మాది. మేం నలుగురం," అన్నాడు బైండరు రొప్పుతూ.

పెన్షనరు ఫోటో కేసీ మనిషి కేసీ చూశాడు. "మీరేనా? మొదలు బాగానే పెట్టారండీ. పుట్టారు, పెరిగారు, ఫోటో దిగారు. తర్వాత పేజీలన్నీ ఖాళీ. నలుగురిలో ఒక్కళ్ళయినా ఎక్కడికీ పోలేదేంటండీ పాపం?"

"పోదామనే వచ్చాం, ఇటివ్వండి," అని వదిన చెయ్యి చాచింది. ఆ చేతికి అడ్డంగా లైబ్రేరియను చెయ్యి వచ్చింది.

"ఆగండమ్మా. మీ పాస్‌పోర్టులు మీవే, కాదనట్లేదు. కానీ నంబరు పడిపోయింది. ఇరవై వేల నాలుగువందల పదహారు. రిఫరెన్సు విభాగం. గడప దాటడానికి వీల్లేదు."

"సాయంత్రం విమానమండీ!"

"రేపు తనిఖీ అమ్మా! నంబరుండి పుస్తకం లేకపోతే నా ఉద్యోగం ఉండదు. నంబరు కొట్టెయ్యాలంటే కమిటీ కూర్చోవాలి. కమిటీ నెలాఖరుకి గానీ కూర్చోదు. కూర్చున్నా టీ తాగి లేస్తుంది."

గోడగడియారం పదకొండు కొట్టింది. వదిన బతిమాలింది, బెదిరించింది, ఎండకు వాడిన తోటకూరలా కుర్చీలో కూలబడింది. బైండరు మాత్రం గదిలో ఆ చివర్నుంచి ఈ చివరికి నాలుగుసార్లు తిరిగి ఆగాడు.

"రిఫరెన్సు పుస్తకం బయటికి పోయే దారి ఒకటుంది కదండీ? ముప్ఫై ఏళ్ళుగా నేను మోసుకుపోతున్నదదే. రిపేరుకి."

లైబ్రేరియను కళ్ళు చిన్నవి చేశాడు. "నిజమే. రిపేరు రిజిస్టర్లో రాసి బైండరుకిస్తే ఎన్నాళ్ళున్నా ఎవరూ అడగరు. కానీ లోపం ఉండాలి. లోపం అని ఒక గడి ఉంది. దాంట్లో రాయాలి. రాసింది పుస్తకంలో కనబడాలి, తనిఖీవాళ్ళు అడిగితే నేను ఒట్టేసి చెప్పగలగాలి."

పుస్తకాన్ని తిరగేసి, బోర్లేసి, వెలుగులో పెట్టి చూశాడు. వెన్ను నిటారుగా ఉంది. మూలలు కత్తిలా ఉన్నాయి. అట్ట తెరిస్తే నిశ్శబ్దంగా తెరుచుకుంది, మూస్తే నిశ్శబ్దంగా మూసుకుంది.

"లోపం లేదే!" అన్నాడు దిగులుగా.

"ఉంటుంది, చూడండి."

"లేదండీ. నా సర్వీసులో ఇంత మంచి బైండింగు చూడలేదు. మాకెప్పుడూ ఇలా చేయలేదేం మీరు?"

"ఇటివ్వండి, లోపం నేను తెస్తా," అని వదిన లేచి అట్ట ఒకవైపు పట్టుకుంది. అటెండరు రెండోవైపు పట్టుకున్నాడు. ఇద్దరూ బలంకొద్దీ లాగారు. దారం కిర్రుమని కూడా అనలేదు. పెన్షనరు కూడా చెయ్యి వేశాడు. ముగ్గురూ చెమటలు కక్కారు కానీ పుస్తకం చెక్కు చెదరలేదు. బైండరు పక్కన నిలబడి, ఆ కష్టకాలంలోనూ, లోలోపల కొంచెం పొంగిపోయాడని చెప్పకపోతే అబద్ధమవుతుంది.

చివరికి అతనే రిజిస్టరు తన ముందుకు లాక్కున్నాడు. కలం కోసం చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. వేళ్ళకు మెత్తగా, చల్లగా తగిలింది. మిగతా సగం అరటిపండు. పదకొండింబావుకి దాన్ని బల్ల మీద పెట్టి, లైబ్రేరియను కలం అడిగి తీసుకుని, తన నలభై రెండేళ్ళ వృత్తిలో ఏనాడూ తన పేరుకెదురుగా పడని గడిలో, రాశాడు: "కట్టకూడని దాన్ని కట్టడం జరిగింది. తప్పు బైండరుది." కింద సంతకం పెట్టాడు.

లైబ్రేరియను అది రెండుసార్లు చదివాడు. "ఇది కనబడే లోపమేనండీ," అని పుస్తకం చేతికిచ్చాడు. బ్లేడు కూడా తనే తెచ్చిచ్చాడు. కుర్చీ జరిపి కూర్చోబెట్టి, కిటికీ రెక్క పూర్తిగా తెరిచాడు, వెలుతురు చాలదని.

మూడు రాత్రుల పని విప్పడానికి రెండున్నర గంటలు పట్టింది. బైండరు అదృష్టం కొద్దీ లైబ్రరీ ముద్రలు మొదటి తెల్ల కాగితం మీదా, చివరి తెల్ల కాగితం మీదా పడ్డాయి. పాస్‌పోర్టులకు మచ్చ అంటలేదని అతను లోపల్లోపలే దండం పెట్టుకున్నాడు. వదిన నాలుగింటినీ కొంగున కట్టుకుంది.

రెండు గంటల మూడు నిమిషాలకు ఇల్లు చేరారు. "మూడు నిమిషాలు లేటు," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ అల్లుడు. కూతురు ఆవలిస్తూ, "చిన్న పనన్నావు?" అంది. "పెద్దదైంది," అన్నాడు తండ్రి. కారులో వదిన నోటుపుస్తకం తెరిచి, నూట పదమూడో నంబరు కింద ఏదో రాసి కొట్టేసింది.

విమానాశ్రయంలో మొదటి కౌంటరు దగ్గరే పెట్టెలు తూచి పాస్‌పోర్టులు చూస్తున్నారు. కూతురిది చూశారు, పొమ్మన్నారు. అల్లుడిది, వదినది చూశారు, పొమ్మన్నారు. బైండరుది చూస్తున్న కౌంటరమ్మాయి పేజీలు తిప్పుతూ తిప్పుతూ పదిహేడో పేజీ దగ్గర ఆగింది. లోపలికి వెళ్ళి ఒక ఆఫీసర్ని పిలుచుకొచ్చింది.

ఆ పేజీ మధ్యలో ఊదారంగు కోడిగుడ్డంత ముద్ర ఉంది. "కళాశాల గ్రంథాలయం. రిఫరెన్సు విభాగం. బయటికి తీసుకుపోరాదు."

ప్రతి లైబ్రరీకీ ఒక రహస్య పేజీ ఉంటుంది. పుస్తకం దొంగిలించినవాడు మొదటి ముద్రా, చివరి ముద్రా చింపేసినా లోపల ఇంకోటి మిగలాలని, తమకు మాత్రమే తెలిసిన పేజీలో ముద్ర కొట్టుకుంటారు. ముప్ఫై ఏళ్ళుగా ఆ పుస్తకాలు కడుతున్న బైండరుకు ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా ఆ హడావిడిలో మరిచాడు. పుస్తకం మొదట్లో ఎవరిది ఉంటే పదిహేడో పేజీ వాళ్ళదే అవుతుంది. ఇంటి యజమాని ముందుండాలని పెట్టింది తనే.

"ఏంటి సార్ ఇది?" అన్నాడు ఆఫీసరు.

"లైబ్రరీ ముద్రండీ."

"కనబడుతోంది. మీరేమైనా లైబ్రరీ పుస్తకమా?"

"ఆయన ఒక్కడే కాదు బాబూ," అని వదిన సాయానికి వచ్చింది. "మేం నలుగురం కలిపే..."

కూతురు ఆవిడ కాలు తొక్కింది. ఏం జరిగిందో తెలియకపోయినా, నర్సు కాబట్టి ఏ మాట దగ్గర నెత్తురు ఆపాలో ఆమెకు తెలుసు.

ఆఫీసరు అనుమానంగా మిగతా మూడు పాస్‌పోర్టులూ మళ్ళీ తెప్పించుకుని ఒక్కొక్క పేజీ వేలితో తడిమి చూశాడు. ఒక్క కొత్త రంధ్రం లేదు, ఒక్క జిగురు చుక్క లేదు. బైండరు ఆ వేలినే చూశాడు. "ఈ మూడూ శుభ్రంగా ఉన్నాయి," అన్నాడు ఆఫీసరు చివరికి. "మీరు మాత్రం వెళ్ళడానికి వీల్లేదు సార్. ఇలాంటి ముద్ర పడ్డ పాస్‌పోర్టు చెల్లదు. కొత్తదానికి అప్లై చేసుకోండి." మాట కటువుగా చెప్పలేదు. కూర్చోడానికి తన కుర్చీ చూపించాడు.

బైండరు కూర్చోలేదు. కూతురికి అంతా చెప్పాడు, ప్రెస్సు నుంచి రహస్య పేజీ దాకా. ఆమె కోప్పడుతుందనుకున్నాడు. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నువ్వు రాకపోతే నేను పోను."

"నువ్వు పోకపోతే నేను ఆ నలభై రెండు పుస్తకాలూ తినేస్తా. ఏమనుకున్నావ్? ఈ సెలవుకి నాలుగేళ్ళు పట్టింది."

"నువ్వొక్కడివీ ఇంట్లో కూర్చుంటే అక్కడ నాకు సముద్రం కనబడుతుందా నాన్నా?"

"కనబడుతుందమ్మా. పెద్దదిగా ఉంటుందట."

"గేటు మూయడానికి నలభై ఒక్క నిమిషాలు," అన్నాడు అల్లుడు, ఎవరి వైపూ చూడకుండా.

అప్పుడు వదిన తన పెట్టెను వరసలోంచి పక్కకు లాగింది. "ఆయన ఒక్కడూ ఎందుకుంటాడు? నేనూ ఆగిపోతున్నా. మీరిద్దరూ పొండి. పెళ్ళయి ఆరేళ్ళయింది, మధ్యలో ముసలాళ్ళు లేకుండా ఒక్కరోజైనా ఉన్నారా? పో, నా మాట వినకపోతే ఒట్టే!"

"పెద్దమ్మా, నువ్వు నూట పదమూడు..."

"అవన్నీ నీ మొగుడికి నోటికొచ్చేలా చెప్పా. పో."

మూడు నిమిషాల్లో మూడుసార్లు వెనక్కి తిరిగి చూసి కూతురు కదిలింది. అల్లుడు పెట్టె బెల్టు మీద పెట్టాక బైండరుకు ఫారినాయన సూత్రం గుర్తొచ్చింది. "అబ్బాయీ! నీ బట్టలు సగం నా పెట్టెలో ఉన్నాయి! సముద్రం నిక్కర్లు కూడా!"

"మీరే వేసుకోండి మామయ్యా! ముప్ఫై ఆరు నిమిషాలు!" అని అరుస్తూ అల్లుడు భార్య చెయ్యి పట్టుకుని పరుగెత్తాడు. చెయ్యి పట్టుకోవడానికి ఆ ఇద్దరికీ ఆ మాత్రం తొందరైనా కావలసి వచ్చింది కాబోలు.

ఇంటికి వచ్చే బస్సులో వదిన నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంది.

"నా వల్ల మీ ప్రయాణం కూడా పాడైంది వదినా," అన్నాడు బైండరు.

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "మరిదీ, ఒక మాట చెప్తా, నవ్వనని చెయ్యెయ్యి," అంది.

అతను చెయ్యి వేశాడు.

"విమానమంటే నాకు ప్రాణభయం. ఖాయమైన రోజు నుంచీ కంటిమీద కునుకు లేదు. పిల్ల అంత ఆశపడుతుంటే రానని ఎలా చెప్పను? అందుకని వీధిలో అందర్నీ అడుగుతూ వచ్చా, ఏం జాగ్రత్తలు పడాలీ, ఏం జాగ్రత్తలు పడాలీ అని. ఒక్కడైనా 'ఈ వయసులో వద్దమ్మా, వెళ్ళకు' అంటాడేమోనని. నూట పదమూడు రాశాను. ఒక్క వెధవా అనలేదు!"

బైండరు ఒట్టు తప్పాడు. ముందు సీటువాళ్ళు తిరిగి చూసేంతగా నవ్వాడు. వదిన ఒక దెబ్బ వేసి తనూ నవ్వడం మొదలెట్టింది. నవ్వు ఆగాక, పదిహేను రోజుల తర్వాత మొదటిసారి, తన కాళ్ళు రెండూ బస్సు నేల మీద కదలకుండా ఉన్నాయని అతను గమనించాడు.

"నాకు మాత్రం వెళ్ళాలనే ఉండింది వదినా," అన్నాడు బైండరు.

"తెలుసు. కొత్తది వచ్చాక నువ్వు పో. నేను గుమ్మంలో నిలబడి సాగనంపుతా. ఆ పని నాకు బాగా వచ్చు."

ఏడింటికి ఇల్లు చేరారు. విమానంలో తినడానికి కట్టుకున్న రొట్టెలూ, గుడ్లూ వంటగది బల్ల మీదే విప్పుకుని తిన్నారు. తింటుండగా ఫోను మోగి ఆగింది. అల్లుడు ఫోటో పంపాడు. ఆరు గంటల విమానం గంటన్నర ఆలస్యమట. సీటులో కూతురు అతని భుజం మీద తల వాల్చి, నోరు కొద్దిగా తెరిచి, ఒళ్ళెరగకుండా నిద్రపోతోంది. కింద ఒక ముక్క: "ఇంకా కదల్లేదు మామయ్యా. నేను టైము చూడట్లేదు."

బైండరు ఆ ఫోటోను వదినకు చూపించాడు. ఆవిడ చూసి, కళ్ళు తుడుచుకుని, చూసింది చాలదన్నట్టు మళ్ళీ చూసింది. తన ఇంట్లో పరుపులు చుట్టేసి, ఫ్రిజ్ కట్టేసి వచ్చింది కాబట్టి ఆ రాత్రికి వెనుకగదిలోనే పడుకుంటానంది. పెట్టె విప్పకుండానే, పక్క మీద నడుం వాల్చిన రెండో నిమిషానికి గురక పెట్టింది. పదిహేను రోజుల బాకీ నిద్ర అది.

బైండరు కాసేపు చీకట్లో షాపులో కూర్చున్నాడు. తర్వాత లేచి, గురక చెదరకుండా వెనుకగది తలుపు దగ్గరకు వేసి, వచ్చి వీధి తలుపు కూడా నెమ్మదిగా మూసి గడియ పెట్టాడు. పాలవాడికీ, పేపరువాడికీ తొమ్మిది రోజులు రావద్దని చెప్పి ఉంచారు కాబట్టి, పొద్దున్నే ఆ తలుపు తట్టి వాళ్ళను లేపే అవకాశం ఎవరికీ లేదు.